పద్నాలుగు ఓట్లు మూడు వందలైన ఏడాది

మార్కెట్ సంఘాల్లోనో, కాలనీ సొసైటీల్లోనో మేనేజరుగా చేరబోయేవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే, కంప్యూటర్ ఎంతవరకు వచ్చి ఉండాలని. కంప్యూటర్ వారంలో వస్తుంది. రానిది వేరే ఉంది. ఒక దుకాణం షట్టర్ పొద్దున ఎవరు ఎత్తుతున్నారు, మధ్యాహ్నం గల్లాపెట్టె ముందు ఎవరు కూర్చుంటున్నారు, ఇద్దరూ ఒకటేనా కాదా అన్నది. ఉస్మాన్‌గంజ్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ వ్యాపారుల సంఘానికి నేను ముప్పై ఏళ్ళు మేనేజరుగా పనిచేశాను. ఆ తేడా తెలియడానికి నాకు ఇరవై ఆరేళ్ళు పట్టింది.

ముందే ఒక సంగతి చెప్పాలి. బజార్లో నాకు కోతలరాయుడని పేరు. ఒకసారి మిరపకాయల లారీ బోల్తా పడితే ఆ ఘాటుకి నయాపూల్ దగ్గర కోర్టులో జడ్జిగారు తుమ్మడం మొదలుపెట్టారనీ, ఆ తుమ్ముల మీదే కేసు వాయిదా పడిందనీ చెప్పింది నేనే. లారీ బోల్తా పడడం నిజం. బజారంతా తుమ్మడం నిజం. జడ్జిగారు, వాయిదా నావి. ఇక్కడ రాసేదాంట్లో అలాంటివి తగ్గించాను. ఎక్కడైనా కలిపితే అక్కడే ఒప్పుకుంటాను.

పని

మా ఆఫీసు ఒక బెల్లం దుకాణం పైన. మెట్లు నిటారుగా ఉంటాయి. పట్టుకోవడానికి గోడకు తాడు కట్టారు, అది ఏ కాలంలోనైనా జిగటగానే ఉంటుంది. నాకు తాళాలు అప్పజెప్పిన పాత మేనేజరు, "ఈ మెట్లెక్కి వచ్చినవాడికి నిజంగా పనున్నట్టు. రానివాడికి లేనట్టు" అని చెప్పి వెళ్ళాడు. చాలాకాలం అది గొప్ప సూత్రమనుకున్నాను.

పొద్దున పని రేటు చీటీలు. పదింటిలోపు ప్రతి దుకాణం నుంచీ ఒక కాగితం ముక్క వస్తుంది. ఈ రోజు చింతపండు ఇంత, ధనియాలు ఇంత, కింద సంతకం. అవన్నీ చూసి కింద బోర్డు మీద ఆ రోజు రేట్లు సుద్దతో రాయాలి. వాట్సాప్ గ్రూపు వచ్చాక కూడా చీటీలు మానలేదు. ఫోన్లో పెట్టిన రేటు తప్పైతే "మా పిల్లలు నొక్కిన్రు" అనొచ్చు. సంతకాన్ని కాదనలేరు. సాయంత్రానికి చీటీలను పురికొసతో కట్టి అటక మీద పడేసేవాణ్ణి. వాటితో ఇంకే పనీ ఉండేది కాదు.

నెలకోసారి మీటింగు. రిజిస్టరులో సంతకం, సమోసా, చాయ్. మగవాళ్ళే వచ్చేవారు. ఆడవాళ్ళు రాకూడదని ఎక్కడా రాసి లేదు. రావచ్చని కూడా ఎవరూ చెప్పలేదు.

సంఘం అధ్యక్షుణ్ణి మా బజార్లో సదర్ అంటారు. మొత్తం పద్నాలుగు గల్లీలు, గల్లీకొక పెద్ద, ఆయన పంచ్. పంచ్‌ని ఎవరూ ఎన్నుకోరు. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు లేకపోతే గల్లీలో గొంతు పెద్దదైనవాడు. ఈ పద్నాలుగు మందీ గదిలో తలుపేసుకుని సదర్‌ని ఎన్నుకునేవారు. మూడు వందల పైచిలుకు దుకాణాలవాళ్ళు కింద నిలబడి పేరు వినేవారు.

నా రోజుల్లో ఎక్కువ కాలం సదర్ గోవర్ధన్ సేఠ్. పప్పుల వ్యాపారం, నాలుగు తరాలుగా ఇక్కడే. పని తెలిసిన మనిషి. లారీలను బజార్లోకి రానివ్వబోమని ట్రాఫిక్ వాళ్ళంటే, వాళ్ళతో మాట్లాడి గంటలో సరుకు దింపించేవాడు. అయితే ఆయన లోకంలో మనుషులు పద్నాలుగు మందే. పంచ్‌కి జ్వరమొస్తే పళ్ళు తీసుకుని వెళ్ళేవాడు. పంచ్ పక్క దుకాణం ఆయన పేరు ఏంటో నన్నడిగేవాడు. ఆయన్ని తప్పు పట్టను. ఎవరి ఓటుతో గెలుస్తామో వాళ్ళ జ్వరమే మనకు కనిపిస్తుంది.

క్యాంపు

పద్నాలుగే ఓట్లున్న చోట ఎవరైనా చేసేది ఒకటే, ఓట్లను దాచుకుంటారు. ఎన్నికకు నాలుగు రోజుల ముందు గోవర్ధన్ సేఠ్ తన పంచ్‌లను రెండు బండ్లలో మొయినాబాద్ వైపు ఒక తోటకు తీసుకెళ్ళేవాడు. వాళ్ళ ఫోన్లు ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి దానికి కాపలా ఉండడం నా పని. మేనేజరు ఉద్యోగంలో అదీ ఒక భాగమే, అపాయింట్‌మెంట్ ఆర్డరులో ఉండదు.

చివరి క్యాంపులో మా వైపు ఎనిమిది మంది. అవతల జీడిపప్పు వ్యాపారి ప్రతాప్, ఆయన వైపు ఆరుగురు. రెండో రోజు పొద్దున లేచి చూస్తే మా ఎనిమిదో మనిషి లేడు. వెల్లుల్లి గల్లీ పంచ్ ఇస్మాయిల్ భాయ్. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. సేఠ్ లుంగీ మీదే తోటంతా తిరిగాడు. "కొన్నరు, మనోన్ని కొన్నరు" అని అదే మాట. అవతలి క్యాంపులో ఇస్మాయిల్ భాయ్ కోసం బిర్యానీ ఎక్కువ చెప్పారని నేను తర్వాత బజార్లో ప్రచారం చేశాను. అది నేను కలిపింది.

మధ్యాహ్నానికి ఇస్మాయిల్ భాయ్ సిటీ బస్సు దిగి, చేతిసంచితో నడుచుకుంటూ వచ్చాడు.

"యాడికి పోయినవ్ భాయ్?" అన్నాడు సేఠ్.

"ఇంటికి పోయిన. కబూతర్లకు దానా వెయ్యాలె గద. మావోళ్ళు మర్చిపోతరు."

"పావురాల కోసం పోయినవా? నన్ను నమ్మమంటవా?"

"పావురాలను అడుగుండ్రి."

"ఒక ఫోన్ చెయ్యొద్దా?"

"ఫోన్ మేనేజర్ సాబ్ డబ్బాల ఉన్నది."

అంతటితో ఆగితే బాగుండేది. సేఠ్ ఆయనను అందరి ముందూ ఒట్టు వెయ్యమన్నాడు. ఇస్మాయిల్ భాయ్ ఒట్టు వేయలేదు. ఎన్నిక రోజు చీటీలు విప్పితే ఏడు, ఏడు. లాటరీ తీశాం. సేఠ్ పేరొచ్చింది. నేను మెట్ల మీద నిలబడి పేరు చదివితే కింద ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

హమాలీల మేస్త్రీ యాదగిరి అన్నాడు: "అంటే మూడు వందల దుకాణాలకు సదర్ ఎవరో ఇస్మాయిల్ భాయ్ పావురాలు చెప్పినయన్నట్టు."

నవ్వులు లేచాయి. తర్వాత లొల్లి మొదలైంది. వారం తిరిగేలోపు సగానికి పైగా దుకాణాలవాళ్ళు కాగితం మీద సంతకాలు పెట్టి పంపారు, ఇకనుంచి సదర్‌ని మేమే ఎన్నుకుంటాం, దుకాణానికో ఓటు అని. సేఠ్ పెద్దగా ఎదురు చెప్పలేదు. లాటరీలో గెలిచిన కుర్చీ ఆయనకూ బరువుగానే ఉన్నట్టుంది. ఏడాదిలో మళ్ళీ ఎన్నిక పెట్టడానికి ఒప్పుకున్నాడు. "మీటింగులకొచ్చే మొఖాలన్నీ నాకెర్కే. వాళ్ళు నన్ను కాదంటరా?" అన్నాడు నాతో.

నా తప్పు

దుకాణానికో ఓటు అనడం తేలిక. ఓటరు జాబితా రాయమని నాకు చెప్పారు. సభ్యుల రిజిస్టరు తెరిచాను. సగం మంది చనిపోయినవాళ్ళు. మా బజార్లో దుకాణం తాతగారి పేరు మీదుంటే దాన్ని మార్చరు. ఆ చేతి చలవతో నడుస్తోందని నమ్మకం. బోర్డు ఆయనదే, సభ్యత్వం ఆయనదే, అద్దె రసీదు ఆయనదే. రిజిస్టరు ప్రకారం ఎన్నిక పెడితే పోలింగు శ్మశానంలో పెట్టాలి.

"ప్రతి దుకాణానికి బతికున్నోల్లది ఒక పేరు రాయి" అన్నాడు సేఠ్.

నేను మీటింగు రిజిస్టరు తీసి, ఏ దుకాణం తరఫున ఎవరు సంతకం పెడుతున్నారో చూసి, ఆ పేర్లు ఎక్కించేశాను. ఒక్క మధ్యాహ్నంలో పని పూర్తి. ఆఫీసు గోడకు అంటించి, అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో చెప్పమన్నాను. ఒక్కటీ రాలేదు. చాలా గర్వపడ్డాను. ఏ జాబితా మీదైనా అభ్యంతరం రాకపోతే ఇప్పుడు నాకు భయమేస్తుంది.

తొమ్మిదో రోజు సుగుణమ్మ మెట్లెక్కి వచ్చింది. చింతపండు గల్లీలో నర్సయ్య పేరుతో ఉన్న దుకాణం ఆవిడది. నర్సయ్య ఆవిడ మామగారు, ఎప్పుడో పోయారు. భర్త పోయి పదకొండేళ్ళు. అప్పటినుంచీ దుకాణం ఆవిడే నడుపుతోంది. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా తలుపు పట్టుకుని నిలబడి, అప్పుడు అడిగింది.

"సార్, మా దుకాణం కాడ మా మర్ది పేరెందుకున్నది?"

"రాజేశ్వర్ గారే కదమ్మా మీటింగులకు వచ్చేది."

"వస్తడు. సమోస తింటడు, సంతకం పెడతడు, కూకట్‌పల్లికి పోతడు. ఆడ నల్లాలు, పైపుల దుకాణం ఉన్నది ఆయనకు. ఈడ షట్టర్ ఎవరెత్తుతరు?"

"జాబితా వారం రోజులు గోడకు పెట్టామమ్మా. గడువు అయిపోయింది."

"నేను ఈ మెట్లెక్కింది ఇయ్యాలనే. మీ కాయితం కిందికి దిగొస్తదా? యాదగిరి చూసి చెప్తే తెల్సింది."

గడువు సంగతి మళ్ళీ చెప్పాను. ఆవిడ వాదించలేదు. అసలు సంగతి చెప్పింది. దుకాణం ఉన్న బిల్డింగు ఓనరు దాన్ని పడగొట్టి కొత్తది కడుతున్నాడు. పాత కిరాయిదారులకు కొత్తదాంట్లో చోటిస్తాడు. రసీదులో నర్సయ్య పేరుంది. నర్సయ్య లేడు కాబట్టి ఇప్పుడు దుకాణం ఎవరిదో సంఘం చెప్పిన పేరే రాసుకుంటానన్నాడు. రాజేశ్వర్ అప్పటికే నా జాబితా కాపీ తీసుకెళ్ళి ఓనరుకు ఇచ్చాడు. చోటు తన పేరున రాగానే ఇంకొకరికి ఇచ్చేయాలని ఆయన ఆలోచన.

"నాకు ఓటెందుకు సార్. ఎవరు సదరైతే నాకేంది. నాకు కూసోనీకి చోటు కావాలె" అని దిగి వెళ్ళింది.

పంచ్‌లు ఓటేసిన రోజుల్లో సుగుణమ్మకు ఓటు లేదు. కానీ ఆవిడ దుకాణం ఆవిడదేనని గల్లీ పంచ్‌కి తెలుసు, అది చాలేది. అందరికీ ఓటు ఇవ్వబోయి, నేను ఆవిడ దుకాణం తీసేశాను. ఒక పేరు రాసే ముందు ఒక్కసారి మెట్లు దిగి ఉంటే సరిపోయేది.

కోతలు పనిచేయని చోటు

నాకు వచ్చిన విద్యనే ముందు వాడాను. రాజేశ్వర్‌ను పిలిపించి చాయ్ ఇచ్చి, నర్సయ్య కాలం నాటి తూనికల కేసొకటి ఇంకా కోర్టులో ఉందనీ, జాబితాలో ఎవరి పేరుంటే వాళ్ళకే సమన్లు వస్తాయనీ మెల్లగా చెప్పాను.

ఆయన చాయ్ తాగడం ఆపలేదు. "సార్, గిది ఆ జడ్జిగారు తుమ్మిన కేసేనా?"

తర్వాత సేఠ్ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. నేను కనుక్కోకుండా రాశాను, తప్పు నాది, మార్చాలి అని. సేఠ్ నా ముఖంలోకి చూశాడు.

"మేనేజర్ సాబ్, ఇరవై ఆరేండ్లల్ల మీరు నాకు చెప్పిన దాంట్ల ఏది నిజమో నాకు తెల్వదు. కాయితం చూపియ్యిండ్రి."

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు ఇది మాత్రం గట్టిగా చెబుతాను. సరదాగా ఉండండి, తప్పు లేదు. కానీ మీ నోటిమాట తప్ప ఇంకో సాక్ష్యం లేని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజుకని కొంత నమ్మకం మిగుల్చుకోండి. నేను మిగుల్చుకోలేదు.

కాగితం ఎక్కడుందో ఆ సాయంత్రం అటక వైపు చూస్తే తట్టింది. రేటు చీటీలు. మీటింగుకు ఎవరైనా రావచ్చు. పొద్దున రేటు రాసి సంతకం పెట్టేది మాత్రం ఆ దుకాణంలో ఉన్న మనిషే. కట్టలు దింపాను. మూడు తుమ్ములకో కట్ట. నర్సయ్య దుకాణం చీటీలన్నిటి మీదా ఒకే సంతకం, తెలుగులో, గుండ్రంగా: సుగుణ. పండగలకు తప్ప ఒక్క రోజూ ఖాళీ లేకుండా. రాజేశ్వర్ సంతకం వెతికినా దొరకలేదు.

అక్కడితో ఆపొచ్చు. కానీ ఒక పేరు తప్పైతే మిగతావి? ఐదు రోజులు కూర్చుని దుకాణం దుకాణానికీ చీటీలు చూశాను. నా జాబితాలో చాలా పేర్లు ఎగిరిపోయాయి. మీటింగులకు వచ్చే పెద్దన్నల చోట చిన్న తమ్ముళ్ళు వచ్చారు, బావల చోట బావమరుదులు, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు.

కట్టలు, కొత్త జాబితా తీసుకుని సేఠ్ గద్దె ముందు కూర్చున్నాను. ఆయన సుగుణమ్మ చీటీలు చాలాసేపు చూశాడు. తర్వాత, "మా దుకాణంవి తియ్యి" అన్నాడు.

తీశాను. అన్నిటి మీదా ఆయన తమ్ముడు మదన్ సంతకం.

"అంటే నాకు ఓటు లేదా?"

"లేదు సేఠ్."

"నిలబడొచ్చునా?"

"నిలబడొచ్చు. ఓటరే నిలబడాలని మన రూల్సులో లేదు."

లోపల పప్పు జల్లిస్తున్న మదన్ నవ్వాడు. సేఠ్ నవ్వలేదు. ఈ కొత్త పేర్లలో సగం ఆయనకు తెలియవు. ఆయనకు ఓటేసే ముఖాలన్నీ పాత జాబితాలోనే ఉన్నాయి. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"పాత లిస్టు మీద గెలుస్త" అన్నాడు. "గెల్చినంక ఆ చింతపండు గల్లీల ఎట్ల నడవాలె? పెన్ను ఇయ్యి." కొత్త జాబితా కింద సంతకం పెట్టాడు.

వీధిలో విచారణ

ఈసారి జాబితా ఆఫీసు గోడకు పెట్టలేదు. గల్లీ గల్లీకీ కింద పెట్టాం. ప్రతి చోటా యాదగిరి గట్టిగా చదివి వినిపించాడు. రాజేశ్వర్ అభ్యంతరం రాసిచ్చాడు. దాన్ని చింతపండు గల్లీలోనే, దుకాణం ముందే, పొద్దున పదకొండింటికి విన్నాం. విచారణకు ఆ గల్లీకి సంబంధం లేని పెద్దమనిషి కావాలంటే అందరూ ఇస్మాయిల్ భాయ్ పేరు చెప్పారు. క్యాంపులో ఒట్టు వేయని మనిషి అప్పటికి బజారంతటికీ నమ్మకమైనవాడు అయిపోయాడు.

రాజేశ్వర్ చాలా మాట్లాడాడు. తండ్రి ఆస్తి, మగదిక్కు, మీటింగు రిజిస్టరు. అబద్ధం ఒక్కటీ లేదు. ఇస్మాయిల్ భాయ్ అంతా విని ఒకటే అడిగాడు.

"అంతా సరే బేటా. ఇయ్యాల చింతపండు ఏం భావ్?"

రాజేశ్వర్ రేట్ల బోర్డు వైపు తిరిగాడు. బోర్డు మా ఆఫీసు కింద ఉంది, ఇక్కడి నుంచి కనిపించదు.

సుగుణమ్మను ఎవరూ అడగలేదు. తనే చెప్పింది. గింజ తీసిందానికి ఒక రేటు, గింజతో ఉన్నదానికి ఒకటి, పోయినేడు సరుకుకు ఒకటి, నిన్న వానలో తడిసినదానికి ఇంకొకటి. చెప్పి, "తడిసింది మాత్రం కొనకుండ్రి" అంది, గిరాకీతో అన్నట్టే.

"పేరు ఇట్లనే ఉండనియ్యి" అన్నాడు ఇస్మాయిల్ భాయ్ నాతో. సవరించిన జాబితాను ఆ మధ్యాహ్నమే నేను స్వయంగా బిల్డింగు ఓనరుకు ఇచ్చి, పాత కాపీ వెనక్కి తీసుకున్నాను.

ఎన్నిక, నా అభిప్రాయం

గోవర్ధన్ సేఠ్ ఓడిపోయాడు. ఈ కథ నోటితో చెప్పేటప్పుడు ఒక్క ఓటు తేడా అంటాను, అది ఆయన ఓటే అని కూడా అంటాను. రాస్తున్నాను కాబట్టి నిజం చెప్పాలి, పదకొండు ఓట్లు.

గోవర్ధన్ సేఠ్‌కి ఉన్న పనితనం గెలిచిన ప్రతాప్ సేఠ్‌కి లేదు. ట్రాఫిక్ వాళ్ళతో మాట్లాడడానికి పాతాయన్నే పంపేవాడు, పాతాయన వెళ్ళేవాడు కూడా. అందరూ ఓటేస్తే మంచివాడే వస్తాడని నేను చెప్పను. నేను చూసింది ఇది: ప్రతాప్ సేఠ్ వారానికోసారి పద్నాలుగు గల్లీలూ నడవాల్సి వచ్చింది. ఎవరి దుకాణం ఎవరిదో నన్నడగడం మానేశాడు. జీడిపప్పు మనిషికి ఎండలో నడవడం అలవాటు లేదు, మొదటి నెలలో రెండుసార్లు కళ్ళు తిరిగి కూర్చున్నాడు. మూడుసార్లని చెప్పేవాణ్ణి, రెండే.

క్యాంపులు పోయాయి. మూడు వందల మందిని పెట్టే తోట మొయినాబాద్‌లో లేదు. కొత్త చెడు కూడా వచ్చింది. పోస్టర్లు, ఒకరి మీద ఒకరు వాట్సాప్‌లో రాతలు, గల్లీ గల్లీకీ కులం లెక్కలు. మేనేజరుకు పని పెరిగింది, నిద్ర తగ్గింది. అయినా ఫోన్ల డబ్బాకు కాపలా కాసేకంటే ఇదే నయమని నా అభిప్రాయం.

బిల్డింగు పూర్తవడానికి రెండేళ్ళు పట్టింది. అన్నాళ్ళూ సుగుణమ్మ ఎదురుగా ఒక చూరు కింద బస్తాలు పెట్టుకుని అమ్మింది. కొత్త దుకాణాలు అప్పజెప్పే రోజు ఓనరు సంఘం తరఫున నన్ను రమ్మన్నాడు. ఆయన గుమాస్తా ఒక్కొక్కరినీ పిలిచి కాగితం మీద సంతకం తీసుకుంటున్నాడు. బోర్డులన్నీ ఒకే రంగులో తనే రాయిస్తాడట, ఏ పేరు రాయాలో చెప్పమంటున్నాడు. సుగుణమ్మ సంతకం పెట్టింది. గుమాస్తా బోర్డు మీద కూడా అదే పేరు రాయబోయాడు.

"ఆగు బిడ్డా" అంది. "కాయితం మీద నాది. బోర్డు మీద నర్సయ్య అని రాయి."

"ఇప్పుడు దుకాణం మీదే కదమ్మా?"

"నాదే. అందుకే చెప్తున్న."

గుమాస్తా నా వైపు చూశాడు. నేనేమీ కలపలేదు. అతను రెండు పేర్లూ రెండు గడుల్లో వేరువేరుగా రాసుకుని తర్వాతి మనిషిని పిలిచాడు.